‘కట్’ అన్నకొద్దీ కట్టాను

చాప మీద ఇంకా చోటుంది, జరిగి దగ్గరికొచ్చి కూర్చోండి. పొయ్యి మీద పాలుంటే దింపేసి మరీ రండి. నా మాటలు వింటూ పాలు పొంగించుకున్న ఇళ్ళు మా వాడలో చాలా ఉన్నాయి. లాఠీలూ జైళ్ళూ మూయించలేని ఒక మహానాయకుడి నోటిని నేను ఈ రెండు చేతులతో మూయించిన వైనం చెబుతాను.

మాది కొండగట్టు దగ్గరి పల్లె. నిజాము కాలంలో రైతుల పక్షాన కొట్లాడిన ఒక పెద్దాయన మీద సినిమా తీస్తూ, షూటింగువాళ్ళు మా ఊళ్ళో దొరలుండిన పాత గడి దగ్గర దిగారు. ఆ పెద్దాయన అంటే మా వైపు ఎంత గౌరవమంటే, మా అత్త అంజన్న పటానికి బొట్టు పెట్టిన వేలితోనే ఆయన ఫొటోకూ పెట్టేది.

తీయబోయేది ఇది: గడి ముందు లాఠీ దెబ్బ తిని నాయకుడు పడిపోతాడు. జనంలోంచి ఒక ఆడమనిషి ఉరికి వచ్చి, కొంగు చింపి ఆయన తలకు కట్టు కడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చూసి, డైరెక్టరు నన్ను వేలు పెట్టి చూపించాడు. పక్కనే ఉన్న మా తోడికోడలు రాజవ్వ మొహం మాడిన సర్వపిండి అయిపోయింది.

మస్కట్‌లో తాపీపని చేసే మా ఆయన మల్లయ్యకు వెంటనే ఫోన్ చేశాను. సెలవు దొరక్క ఆయన ఇంటి మొహం చూసి ఏళ్ళయింది.

“నిజమానే లచ్చీ? టాకీసుల గనవడ్తవా?”

“గనవడ్త. నా మొఖం తెరంత వడ్తదట.”

“ఇగ జూడు! మా రూములున్నోళ్ళందర్ని తోల్కపోత. గామె నా పెండ్లామని అందరికి జూపెడ్త. ఫోన్ల నీ మొఖం అగ్గిపెట్టంత గనవడ్తది, మనసున వడ్తలేదే.”

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఏమైనా కానీ, ఆ తెర మీద నా మొహం పడాలి.

డైరెక్టరు హైదరాబాదు మనిషి. “చూడమ్మా, నేను యాక్షన్ అనగానే పోయి కట్టు. గట్టిగా కట్టాలి, నిజంగా కట్టినట్టుండాలి,” అన్నాడు.

“సారు జెప్పింది జెప్పినట్టు సెయ్యే, నీ సొంత తెలివి వెట్టకు,” అని వెనక నుంచి రాజవ్వ దీవించింది.

“యాక్షన్!”

ఉరికాను. కొంగు పర్రున చింపాను. పెద్దాయన వేషం వేసిన నటుడు స్పృహ తప్పినట్టు కళ్ళు మూసుకుని పడున్నాడు. తలకు ఒక చుట్టు చుట్టానో లేదో, గడి వెనక నుంచి ఎవరిదో మోటారుసైకిలు బర్రుమంది. నిజాము కాలంలో, మా పల్లెలో, మోటారుసైకిలు!

“కట్!” అని అరిచాడు డైరెక్టరు.

కడుతూనే ఉన్నాను కదా! ఇంకో చుట్టు చుట్టాను.

“కట్, కట్!”

పట్నంవాళ్ళు మాటల తోకలు మింగేస్తారు, ‘కట్టు’ను ‘కట్’ అంటున్నాడనుకున్నాను. నవ్వకండి. నేనూ టీవీలో సినిమాలు చూసినదాన్నే. కానీ ఏ సినిమాలోనైనా ‘కట్’ అన్న మాట మీకు వినపడిందా? దాన్ని తీసేశాకే కదా మనకు చూపిస్తారు!

చుట్టు మీద చుట్టు వేశాను. కొంగు చాలక ఆయన కండువా కూడా లాక్కున్నాను. నుదురు అయింది, కళ్ళు అయ్యాయి, ముక్కు దాకా వచ్చాను.

“అమ్మా! కట్ అంటుంటే వినపడట్లేదా?”

“వినవడ్తంది సారూ! కడ్తనే ఉన్న గద! నాకున్నయి రెండే చేతులు!”

“కట్! కట్! కట్!”

పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు. నాకు రోకలి ఒక్కటే దొరకలేదు. తొక్కు జాడీకి బట్ట బిగించినట్టు నోటి మీదుగా బిగించి, ముడి మీద ముడి వేశాను. స్పృహ తప్పినవాడు కదలకూడదని పాపం ఆ నటుడు అంతసేపూ ఓర్చుకున్నాడు. ఆఖరికి లోపలి నుంచి “ఊఁ... ఊఁ...” అన్నాడు.

“ఓ రాజవ్వా, ఎంత మంచిగ మూలుగుతుండో సూడే!” అని మెచ్చుకున్నాను.

అప్పుడొచ్చి లాగారు నన్ను. ముడి విప్పబోతే రాలేదు. కత్తెరతో కోస్తే, గుడ్డతో పాటు అంటించిన మీసం కూడా ఊడి చేతికొచ్చింది. లాఠీలు పట్టుకున్న పోలీసు వేషాలవాళ్ళు కింద పడి దొర్లి నవ్వారు.

డైరెక్టరు మాత్రం నవ్వలేదు. “ఈమెను పంపించేయండి. ఆ పక్కామెను పిలవండి,” అన్నాడు.

రాజవ్వ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది.

“నాతోని గాదు సారూ. దీని పెనిమిటి మస్కట్‌ల కండ్లు కాయలు గాసెటట్టు సూస్తుండు. ఇది గనవడకుంటె ఆడ నలుగుట్ల తలకాయ దించుకోవాలె ఆయిన.”

ఊడిన మీసాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్న నటుడు నా వైపు చూశాడు. “ఆమెనే కట్టనివ్వండి సార్. మీరు మాత్రం కట్ అనకండి, చాలు అనండి,” అన్నాడు. మీసం మళ్ళీ అంటించారు. నేను మళ్ళీ కట్టాను. “చాలమ్మా తల్లీ!” అని డైరెక్టరు దండం పెట్టగానే ఆపాను.

సినిమా వచ్చింది. మస్కట్‌లోనూ వేశారట. మేము జగిత్యాలకు పోయి చూశాం. ఏముంది! తెర నిండా పెద్దాయన మొహం. నావి రెండు చేతులు వచ్చాయి, ముడి వేశాయి, పోయాయి. మొహం కాదు కదా, నా ముక్కుపుల్ల కూడా పడలేదు. అంతమందిని వెంటేసుకుపోయిన మా ఆయన ఎంత చిన్నబోయాడో అని, ఫోన్ మోగుతుంటే ఎత్తడానికి చెయ్యి రాలేదు. రాజవ్వే ఎత్తి నా చెవికి ఆనించింది.

“లచ్చీ! సూసిన్నే నిన్ను!”

“యాడ జూసినవయ్యా? మొఖమే వడలే గద.”

“మొఖమెందుకే? ముడి వడ్డది గద! నేనొచ్చేటప్పుడు సకినాల మూటకు నువ్వేసిన ముడి గీడ ఎవ్వనికి ఇప్పరాలే, కత్తి వెట్టి కోసినం. గసొంటి ముడి దునియల ఇంకెవరేస్తరు? లేసి నిలవడి ఒర్రిన, గదే నా పెండ్లామని!” గొంతు తగ్గించాడు. “ఎన్కున్నోళ్ళు కూసోమని తిట్టిండ్రు. ఫికర్ లేదు, రేపు మల్ల పోతన్న.”

అంజన్న సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట ఏ మహానాయకుడి తల ఎంత పగిలినా, ఎవరెంత గొంతు చించుకుని ‘కట్’ అన్నా, ఒక్క చుట్టుకు మించి చుట్టను గాక చుట్టను. మీ ఇంట్లోంచి దూరదేశం పోయినవాళ్ళ మూటలకు మాత్రం ముడులు గట్టిగా పడుగాక. అవి విప్పించుకోవడానికైనా వాళ్ళు మీ గడపకే తిరిగి వచ్చెదరుగాక.