హద్దురాయి కింద కొమురమ్మ

2023 ఫిబ్రవరి. కోకాపేట దాటాక, ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల, బండలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని ఒక భూమి. ఒకప్పుడు అదంతా కంచె. అంటే గొర్రెలూ మేకలూ మేసే బయలు. మూడు వైపులా నలభై అంతస్తుల భవనాలు లేచిపోయాయి. నాలుగో వైపు, పడమట, కొంత సర్కారు కంచె మిగిలింది. ఇక్కడ కూడా భవనాలు లేపడానికి ఒక బిల్డరు ఆ భూమి కొన్నాడు. హద్దులు కొలిచి పెట్టే పని నాది.

నేను సర్వేయర్ని. మాది గుంటూరు దగ్గర. ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఆడవాళ్ళు సర్వే చేయడమేంటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు "మేడం కొలిచిందా? అయితే ఇంక మాట్లాడకండి" అంటారు. ఆ మాట వింటే నాకు భలే గర్వంగా ఉండేది. ఆ గర్వమే నా కొంప ముంచబోయిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

మా పనికి ముఖ్యమైనవి రెండు. ఒకటి టోటల్ స్టేషన్. మూడు కాళ్ళ మీద నిలబెట్టే యంత్రం. అవతల మనిషి కర్రకు ప్రిజం అనే అద్దం తగిలించి పట్టుకుంటే, కిరణం పంపి దూరం మిల్లీమీటర్లతో సహా చెబుతుంది. రెండోది టిప్పన్. నిజాం కాలం నుంచీ వస్తున్న కొలతల పటం. పొలం మూలల్లో పాతిన హద్దురాళ్ళ మధ్య దూరం ఎంతో అందులో గొలుసుల లెక్కన రాసి ఉంటుంది. ఇక్కడి గొలుసు ముప్పై మూడు అడుగులు, అంటే సుమారు పది మీటర్లు. పాత రాళ్ళు వెతికి పట్టుకుని, యంత్రంతో కొలిచి, టిప్పన్‌తో సరిచూడాలి. అంతే పని.

ఆ భూమికి నాలుగు మూలలు. మూడు రాళ్ళు సులువుగానే దొరికాయి. పడమటి మూల రాయి కోసం రెండు రోజులు తిరిగాం. మా యాదయ్య, పదిహేనేళ్లుగా నాతో ప్రిజం పట్టుకుంటున్న మనిషి, నాగర్‌కర్నూల్ వైపువాడు, చివరికి సీతాఫలం పొదల్లోంచి కేకేశాడు.

"దొరికింది మేడం! మీద ప్లస్ గుర్తు సుత ఉన్నది!"

పరుగెత్తాను. నిజమే. నలుపలకలుగా చెక్కిన రాయి, నెత్తిన ఉలితో కొట్టిన కూడిక గుర్తు. అచ్చమైన సర్వే రాయి. పక్కన రాళ్ళ కుప్పలేవో ఆరేడున్నాయి. బయలు బాగు చేసినప్పుడు ఏరి పోసినవేమో అనుకున్నాను. ఎర్ర పెయింటుతో రాయి మీద సి-4, అంటే నాలుగో మూల, అని రాయించాను.

కొలిస్తే టిప్పన్ కంటే పదకొండు మీటర్ల నలభై సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. ఒక్క నిమిషం ఆలోచించాను. గొలుసు పది మీటర్లు కదా, ఈ బండల్లో లాక్కుంటూ పోయినవాళ్ళు ఎక్కడో ఒక గొలుసు లెక్క తప్పి ఉంటారు అని తేల్చేశాను. మిగిలిన మీటరు పైచిలుకు సంగతి? దాన్ని పట్టించుకోలేదు. రాయి కళ్ళెదుట ఉంది కదా అని రిపోర్టు మీద సంతకం పెట్టేశాను. భూమి పెరిగిందని బిల్డరు తరఫు ప్రాజెక్టు మేనేజరు ప్రసాద్ గారు తెగ సంబరపడ్డారు. సోమవారం నుంచి ఆ మూలలోనే సెల్లారుకు బండ పగలగొట్టడం మొదలన్నారు.

శనివారం పొద్దున్న చివరిసారి గుర్తులు చూసుకుందామని వెళ్ళాం. యంత్రం నిలబెడుతుంటే వెనక నుంచి అరుపు.

"ఎవడ్రా మా అత్త మీద నంబరేసింది?"

ఒక ముసలావిడ. డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిలో పసుపు పొట్లం, నూనె సీసా, ఒక పెళ్ళి కార్డు. కొంగు నడుములో దోపి సి-4 దగ్గర నిలబడి మా ఇద్దర్నీ కొట్టేలా చూస్తోంది. పేరు బాలమ్మ. గొర్రెలు కాసిన కురుమ కుటుంబం. గొర్రెల్ని అమ్మేసి, ఖాజాగూడలో కొడుకు దగ్గర ఉంటోందట. మనవడి పెళ్ళి. వాళ్ళింట్లో మొదటి కార్డు ఎప్పుడూ ఇక్కడికే వస్తుందట.

"అత్త ఏంటమ్మా?" అన్నాను, ఏమీ అర్థం కాక.

"గిది మా అత్త గోరి. కొమురమ్మ. గవి మా మామయి, మా బావలయి, ఆ చివర్ది మా ఇంటాయనది. ఏడు గోరీలున్నయి. అన్నీ కనబడుతలేవా బిడ్డా? గింత పెద్ద మిషన్ పట్కొచ్చినవ్, గోరి కనబడలేదా?"

గోరి అంటే సమాధి. నేను రాళ్ళ కుప్పలనుకున్నవి ఏడు సమాధులు. ఒకావిడ నెత్తి మీద ఎర్ర పెయింటుతో నంబరు రాయించాను. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది. యాదయ్య అప్పటికే కిరోసిన్ గుడ్డ తీసి గబగబా తుడుస్తున్నాడు.

తుడుస్తున్న చోట మళ్ళీ ఆ కూడిక గుర్తు బయటపడింది. అప్పుడు నా బుర్రలో ఏదో కదిలింది. ఇది సమాధి రాయి అయితే సర్వే గుర్తెందుకుంది? సర్వే రాయి అయితే సమాధి మీదకెలా వచ్చింది? పదకొండు మీటర్ల నలభై!

"అమ్మా, ఈ రాయి ఎక్కడ నుంచి తెచ్చారు?"

అంతవరకూ తిట్టిన మనిషి టక్కున ఆగిపోయింది. "ఏమో. పెద్దోళ్ళు పెట్టిన్రు" అని ముఖం తిప్పుకుంది. మళ్ళీ అడిగాను. చేతిలో పసుపు పొట్లం నలుపుతూ కూర్చుంది. ఆవిడకు భయం వేసిందని అర్థమయ్యే సరికి నాకు కొంచెం సేపు పట్టింది.

అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. "అమ్మా, ఈ రాయి ఇక్కడిదే అయితే ఈ నేలంతా బిల్డరుది. సోమవారం మిషన్లు వస్తాయి, సమాధులు పోతాయి. ఇంకోచోటి నుంచి వచ్చిందైతే హద్దు మారుతుంది. నాకు నిజం కావాలి."

"చెప్తే పోలీసులొస్తరా?"

"ఎవరి కోసమమ్మా?"

"మా ఇంటాయన కోసం."

"ఆయన..."

"గా చివరి గోరిల ఉన్నడు."

యాదయ్య నవ్వాపుకోలేకపోయాడు. "గోరిల ఉన్నోనికి బేడీలెవడేస్తడే పెద్దమ్మా? ఫికర్ జేయకు, చెప్పు."

చెప్పింది. అప్పటికి ఆమె కొత్త కోడలు. అత్త కొమురమ్మ చలి జ్వరంతో మంద దగ్గరే పోయింది. తల్లికి ఒక మంచి రాయి పెడదామని కొడుకులు ముగ్గురూ అనుకున్నారు. చెక్కిన రాయి కొనే స్తోమత లేదు.

"ఈ కంచెల చెక్కిన రాయి అదొక్కటే ఉండె. మీద గుర్తు జూసి దేవునిదనుకున్నం. ముగ్గురు గడ్డపారల్తోని పెకిలించి మోస్కొచ్చిన్రు. అటెన్క పట్వారి వచ్చి రాయి ఏదని అడిగితే మాకు ఎర్కలేదన్నం. అప్పట్నుంచి ఎవ్వలికి చెప్పలే."

యాభై ఏళ్ళ రహస్యం! వెంటనే అడిగాను. "ఎక్కడి నుంచి? చోటు చూపిస్తారా?"

ఆమె లేచి నడిచింది. మేం వెనకాలే. తూర్పుకు, బోర్లించిన తొట్టిలాంటి ఒక పెద్ద రాతి గుండు దాకా వెళ్ళి చుట్టూ చూసింది. "ఈడ్నే" అని కాలితో గీరింది. అక్కడ జానెడు మన్ను, దాని మీద ఎండు గడ్డి. యాదయ్య గడ్డపార వేశాడు. ఏమీ లేదు. పక్కన వేశాడు. ఏమీ లేదు. మూడోసారీ ఏమీ లేదు. "జర ఇటు జరుగు, ఆ గుండు నీడ నా కాళ్ళ మీద పడుతుండె" అంది బాలమ్మ, పరేషాన్ అవుతూ. నేనూ చేతులతో మన్ను తోడుతున్నాను. గోళ్ళు విరిగాయి. పట్టించుకున్నదెవరు?

నాలుగోసారి గడ్డపార కింద బండ ఖంగుమంది. దాని పక్కనే మెత్తగా దిగింది. మన్ను తీస్తే పలక బండలో నలుచదరంగా తొలిచిన గుంట. లోపల అంచుల వెంబడి రాయి కదలకుండా బిగించిన చిన్న చిన్న రాతి చెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. బోర్లా పడుకుని టేపు పెట్టాను. గుంట వెడల్పూ, కొమురమ్మ రాయి వెడల్పూ ఒక్కటే.

"యాదయ్యా, ప్రిజం!"

అతను గుంట మధ్యలో కర్ర నిలబెట్టాడు. నేను యంత్రం దగ్గరికి పరుగెత్తాను. మొదటి దూరం చూశాను. టిప్పన్ చూశాను. జానెడు తేడా. రెండో రాయి నుంచి చూశాను. నాలుగు వేళ్ళ తేడా. గెంతాను. నిజంగానే గెంతాను. నలభై మూడేళ్ళ మనిషిని, ఆఫీసు షూలతో, బండ మీద. గొలుసు లాగినవాళ్ళు లెక్క తప్పలేదు. నిజాం కాలంలో ఎవరో ఎండలో ఈ బండల మీద పాకుతూ కొలిచిన కొలతకు, లక్షలు పోసి కొన్న నా యంత్రానికి జానెడే తేడా. తప్పు చేసింది నేను.

సంబరం సగంలోనే ఆగింది. హద్దు పదకొండు మీటర్లు వెనక్కు పోయింది, సరే. ఏడు సమాధులూ బయటపడ్డాయా? అవి వరసగా కొమురమ్మ నుంచి తూర్పుకే ఉన్నాయి. చివరిది, బాలమ్మ భర్తది, అసలు హద్దుకు ఎంత దగ్గరో కంటికి తెలియడం లేదు. ఆయన లోపల పడితే?

హద్దు గీత లెక్క వేసి యంత్రంలో పెట్టాను. యాదయ్య ఒక్కో సమాధి అంచున కర్ర పెట్టుకుంటూ వచ్చాడు. ఆరు బయట. ఏడోదాని దగ్గర బటన్ రెండుసార్లు నొక్కాను. తెర మీద అంకె వచ్చింది. హద్దుకు బయట, డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు.

"బయటే!" అని అరిచాను. "అందరూ బయటే!"

బాలమ్మకు మీటర్లు తెలియవు. నేను రెండు చేతుల మధ్య అంత ఎడం పెట్టి చూపించాను. ఆమె ఆ ఎడం చూసింది, సమాధి చూసింది, పకపకా నవ్వింది. "మంద కాడ గూడ గంతే. అంచుకే పండుకునేటోడు. నక్క వస్తే ముందుగాల నాకే తెల్వాలె అంటుండె." నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకూ కళ్ళు తడిశాయి.

ఇక మిగిలింది ప్రసాద్ గారు. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్ళి నా రిపోర్టు వెనక్కు తీసుకుంటున్నానన్నాను. అలా అనడం నా సర్వీసులో అదే మొదలు.

"సంతకం పెట్టి ఇచ్చారు కదండీ! ముసలావిడ మాట పట్టుకుని మార్చేస్తారా?" అన్నారాయన, ముఖం ఎర్రగా చేసుకుని.

"మాట పట్టుకుని కాదండీ, బండలో గుంట పట్టుకుని. వచ్చి చూడండి."

"పదకొండు మీటర్లు పోతోందండీ!"

"అది మనది కాదండీ, సర్కారు కంచె. సెల్లారు తవ్వి, పిల్లర్లు లేపాక ఎవరో ఒకరు కొలిస్తే అప్పుడేం చేస్తారు? మీరు నన్ను మార్చినా ఫరవాలేదు. తర్వాత వచ్చేవాడికి కూడా ఆ గుంట అక్కడే కనిపిస్తుంది."

ప్రసాద్ గారు నేను బల్ల మీద పెట్టిన కొలతలు ముందుకు లాక్కుని చూశారు. తర్వాత ఫోను తీసి సోమవారం పని ఆపమన్నారు. నాతో మాత్రం నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అది నాకు రావాల్సిందే.

పది రోజులకు మండల సర్వేయరు వచ్చారు. రాయిని దాని చోటే పాతాలన్నారు. కొమురమ్మ దగ్గర నుంచి రాయి తీసేటప్పుడు బాలమ్మ అడ్డు చెప్పలేదు. ముందుగా పసుపు రాసి, ఉన్ని దారం కట్టి, తర్వాత కొడుకుల్ని ఎత్తమంది. వాళ్ళు దాన్ని మోసుకెళ్ళి గుంటలో దించితే, పాత చెక్కల మధ్య ఊగకుండా కూర్చుంది. తన తల్లి కోసం తండ్రి మోసుకొచ్చిన దారినే కొడుకులు తిరిగి మోశారు. సమాధికి వేరే రాయి పెట్టుకున్నారు, ఈసారి కొన్నదే.

మా పనిలో ఒక పద్ధతుంది. హద్దురాయి పాతాక, రేపు అది పోయినా చోటు దొరికేలా, దగ్గర్లో కదలని వాటి నుంచి దూరాలు కొలిచి రాస్తాం. వాటిని రిఫరెన్సు అంటాం. మామూలుగా పెద్ద గుండో, బావో, గుడి మూలో రాస్తాం. మండల సర్వేయరు చుట్టూ చూసి ఏం రాయాలని అడిగారు. "కొమురమ్మ గోరి నుంచి పదకొండు మీటర్ల నలభై, తూర్పుకు అని రాయండి" అన్నాను. ఆయన నవ్వి, పంచనామాలో రాశారు.

ఏం రాశారో యాదయ్య చదివి వినిపిస్తే బాలమ్మ నమ్మలేదు. "సర్కారు కాయితంల మా అత్త పేరా? బతికినన్నొద్దులు రేషన్ కార్డు మీద గూడ ఎక్కలే గదా!" అని మళ్ళీ చదివించుకుంది. తర్వాత ముందుకొచ్చి మండల సర్వేయరు భుజం తట్టింది.

"ఇంటిపేరు గూడ రాయున్రి సారూ. కొమురమ్మలు శానమంది ఉంటరు."

ఇంటిపేరుతో సహా రాశారు. లెక్క కుదరనప్పుడు తప్పును పోయినవాళ్ళ మీదకు నెట్టకూడదని, అక్కడ గొర్రెలు కాసినవాళ్ళను వెతికి అడగాలని ఆ కేసు నాకు నేర్పింది. ఇకమీదట ఆ హద్దు ఎక్కడని ఎవరికి అనుమానమొచ్చినా, ఎంత పెద్ద యంత్రం తెచ్చినా, ముందుగా వెళ్ళి కొమురమ్మ దగ్గర నిలబడాల్సిందే.