యాదన్న దిగని స్టాప్

మా కంపెనీ బస్సులో యాదన్న చెయ్యి లేచిందంటే మోగుతున్న పాటకు నూకలు చెల్లినట్టే. కిటికీ కింద రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు. డ్రైవర్ సుందర్‌రాజు మారుమాట లేకుండా పాట ఆపేస్తాడు. పదిహేనేళ్లుగా ఇదే చట్టం. నేను ప్యాకింగ్ సెక్షన్ రేఖను. నాకు నచ్చిన పాటలెన్నో ఆ చేతికి బలయ్యాయి, ఆ కోపం నాకు బాగా ఉండేది.

ఇంత పెత్తనం ఎలా వచ్చిందంటే, చెవి వల్ల వచ్చింది. బొల్లారంలో మా మందుల ఫ్యాక్టరీకి యాదన్న బాయిలర్ ఆపరేటర్. బాయిలర్ చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా మీటర్ కంటే ముందు పట్టేస్తాడు. ఇంకో సంగతి. కంది ఊరి దగ్గర తన స్టాప్ రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడతాడు. షిఫ్ట్ అయ్యాక కంపెనీకి ఒక్క నిమిషం కూడా ఇవ్వడు.

మా ల్యాబ్‌లో పనిచేసే చార్లీకి ఒక రాక్ బ్యాండ్ ఉంది. చర్చిలో గిటార్ నేర్చుకున్నవాడు. వాళ్ల మొదటి ఆల్బమ్‌ను హైదరాబాద్‌లో ఒక సంగీత వెబ్‌సైట్ ఆకాశానికెత్తింది. బస్సులో పెడితే రెండో పాటకే రేకు మోగింది.

"గొంతు నీది గాదు రా చార్లీ. ఎవడో పాడుతుంటే నువ్వు నోరు కదుపుతున్నవ్," అన్నాడు యాదన్న.

చార్లీ వారం రోజులు బస్సెక్కలేదు. షేర్ ఆటోల్లో తిరిగాడు పాపం.

రెండేళ్లు కష్టపడి రెండో ఆల్బమ్ తెచ్చాడు. ఈసారి అదే వెబ్‌సైట్ ఉతికి ఆరేసింది. సంగీతం తక్కువ, ఫ్యాక్టరీ రొద ఎక్కువ అని రాసింది. చార్లీ ఆ రివ్యూ నాకు చూపించాడు.

"రేఖక్కా, ఇయ్యాల బస్సుల పెడ్త. యాదన్న గూడ రేకు కొడితే గిటార్ అమ్మేస్త. ఇగ చాలు."



మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ దిగి బస్సెక్కాం. మొదటి పాట అయింది, రెండోదీ అయింది. బస్సు పటాన్‌చెరు దాటింది. యాదన్న చెయ్యి ఒళ్లోనే ఉంది. కంది దగ్గరపడుతుంటే ఆఖరి పాట మొదలైంది. ఎన్నిసార్లు కడిగినా చేతులకంటిన ఫ్యాక్టరీ మందుల వాసన పోదని, ఆ చేత్తో ముద్ద పెడితే బిడ్డ తినడం లేదని ఒక తండ్రి పాట. చార్లీ దాన్ని మేం రోజూ మాట్లాడే యాసలోనే పాడాడు.

సుందర్‌రాజు బస్సు ఆపాడు. "యాదన్నా, కంది వచ్చింది."

యాదన్న లేవలేదు. తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పోనియ్," అన్నాడు.

బస్సంతా నోరెళ్లబెట్టింది. పాట చివరిదాకా మోగింది. తర్వాతి స్టాప్ పోతిరెడ్డిపల్లిలో నేను, చార్లీ దిగాం. మా వెనకే యాదన్నా దిగాడు.

చార్లీ వెనక్కి తిరిగాడు. "ఎట్లుందన్నా?"

"గా ఆఖరి పాటల డ్రమ్ము పాట కన్న జెర ముందుగాల ఉరికింది," అన్నాడు యాదన్న. "మూడో ఆల్బమ్‌ల సరిజేస్కో."

చార్లీ నడిరోడ్డు మీద నవ్వుతూనే ఏడ్చేశాడు. నేను ఈల వేశాను, సిగ్గెందుకు? యాదన్న అప్పటికే వెనక్కి కందికి పోయే ఆటో కోసం చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మీద నాకున్న పాత కోపమంతా అక్కడే మాఫీ చేసేశాను.