జలుబును నమ్మని మరిది

మా మరిది లెక్కలో లోకంలో జలుబే లేదు. ఎవరి ముక్కు కారినా ఆయన చూపు పన్ను మీదికే పోతుంది. నలభై ఏళ్ళుగా పళ్ళు పీకి పీకి, దేవుడు మనిషికి నోరొక్కటే ఇచ్చాడనుకుంటున్నాడు పాపం.

బస్సులో పక్కవాడు తుమ్మితే చాలు, "పై పన్ను ఎప్పుడు పీకించుకున్నారండీ?" అంటాడు. వాడు దిగిపోతాడు, స్టాపు రాకపోయినా.

ఒకసారి పరామర్శకు వెళ్ళి, మొగుడు పోయి ఏడుస్తున్నావిడతో, "ఏడవండమ్మా, తప్పులేదు. ముక్కు మాత్రం చీదకండి" అన్నాడు. ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నీకు పిచ్చి ముదిరిందయ్యా" అన్నాను.

"పై దవడ పళ్ళకు పైనే ఓ గాలి గది ఉంటుంది వదినా. పన్ను పీకేటప్పుడు దానికి చిల్లు పడితే అచ్చం జలుబులాగే ఉంటుంది, ముక్కు చీదితే ఆ చిల్లు ఇంకా పెద్దదవుతుంది. డాక్టర్లే బోల్తా పడతారు."

అలాంటివాడికి నా నోరు చూపిస్తానా? పై దవడ పన్ను సలిపితే, గుట్టుగా వేరే డాక్టరు చేత పీకించుకున్నాను. ఇంట్లో డాక్టరుండగా బయటికెందుకని కోడలు దీర్ఘాలు తీస్తుందని, "మీ చినమామయ్యే పీకాడు" అనేశాను.

ఆ తర్వాత నెల్లాళ్ళు ఒకవైపు ముక్కే కారింది, అదీ కంపు. మా వీధి డాక్టరు జలుబన్నాడు, చుక్కల మందిచ్చాడు. నేనూ సరేననుకున్నాను. ఒకరోజు కోడలి ఎదుట కాఫీ తాగుతుంటే, ఆ కాఫీ ముక్కులోంచి దిగింది. కోడలు కెవ్వుమని మరిదికి ఫోన్ చేసింది.

ఆయన వచ్చి, లైటు వేసి నా నోట్లోకి చూశాడు. "చిల్లు పడింది. చీము కడిగి, కుట్టు వెయ్యాలి" అన్నాడు.

"మీరు పీకిన పన్నే కదా చినమామయ్యా! ఇలాగేనా పీకేది?" అంది కోడలు.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"అవునమ్మా, నా చెయ్యే జారింది" అన్నాడు.

"ఊళ్ళో వాళ్ళ ముక్కులన్నీ మీకే కావాలి, సొంత వదినది అక్కర్లేదా?" అని దులిపేసింది. తలొంచుకుని విన్నాడు.

ఆయన చీము కడిగి కుట్టాక, నిజం చెబుదామంటే నాకు నోట్లో కుట్లు. కుట్లు విప్పి ఏడాదయింది. కోడలు ఇప్పటికీ ఆయన్ని దెప్పుతూనే ఉంది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేనూ అప్పుడప్పుడు రెండు మాటలు కలుపుతుంటాను, దానికి అనుమానం రాకుండా.