పేరు లేని రాయికి పూలు

నేను ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకునే పల్లె ఒకటి అమెరికాలో, అపలాచియన్ కొండల్లో ఉంది. తొంభైలలో మా బోధన్ చర్చి నుంచి కొందరం అక్కడికి అతిథులుగా వెళ్లాం. ఈస్టరుకు సమాధులు శుభ్రం చేసి సున్నం వేయడం మా ఆనవాయితీ. అమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకే నేను దూరంగా ఉన్నానని దిగులుగా ఉండేది.

ఈస్టరు దాటాక, మే నెలలో ఒక ఆదివారం, దుంగలతో కట్టిన పాత చర్చి చూపిస్తామని ఆ ఊరివాళ్లు తీసుకెళ్లారు. తీరా చూస్తే ఊరంతా పక్కనున్న సమాధుల తోటలో గడ్డి పీకుతూ, పూలు పెడుతూ ఉంది. ఏటా ఒక రోజు ఇలా సమాధులు బాగుచేసి, అక్కడే అందరూ కలిసి భోంచేయడం వాళ్ల ఆనవాయితీ అట. నేను అలవాటు కొద్దీ రాళ్ల మీది సంవత్సరాలు చూసి, ఎవరు ఎన్నేళ్లు బతికారో లెక్కగట్టుకుంటూ నడిచాను.

"గీడ గూడ లెక్కలేనా అన్నా? సచ్చినోళ్లను గూడ వదలవా?" అని నవ్వింది మాతో వచ్చిన నవీపేట్ రూతమ్మ.

చివరి వరుస రాళ్ల మీద పేర్లూ అంకెలూ లేవు. అయినా వాటికీ పూలు పెడుతోంది ఒక ముసలావిడ. ఎవరివని అడిగాను.

"తెలియదు నాయనా. కానీ వీళ్లకు పెట్టకుండా మేం అన్నానికి కూర్చోం."

రూతమ్మ ఆవిడకు మా అమ్మ సంగతి చెప్పింది. ఆవిడ బుట్టలోని పూలు నా చేతిలో పెట్టి, ఇంకా పూలు పెట్టకుండా మిగిలిన ఒక రాయి చూపించింది.

"ఇవాళ ఇది మీ అమ్మది."

మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా గడ్డంతా పీకి, పూలు పెట్టాను. లేచి చూస్తే, చెట్ల కింద పరిచిన వంటలు ముట్టకుండా ఊరంతా నా కోసం నిలబడి ఉంది.