ఆంటీ ఆరుబయట పొయ్యి

మిషిగన్‌లో మంచు కరిగి, రోడ్ల పక్కన గడ్డి కాస్త పచ్చబడగానే మా పక్కింటి ఆంటీ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. స్టోరేజీ యార్డులో చలికాలమంతా ముసుగు తన్ని పడుకున్న క్యాంపర్‌ని ఇంటికి తేవడానికి నన్ను రమ్మని. ఈసారి ఫోన్ అంకుల్ చేశారు. శనివారం పొద్దున్నే ఆయన పేరు చూడగానే నాకు హుషారు పుట్టుకొచ్చింది. హలో అయినా అనకుండా, "క్యాంపర్ తెచ్చేద్దామా అంకుల్? ఇప్పుడే రెడీ అయిపోతా" అన్నాను. "లేదమ్మా. మీ ఆంటీ రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయింది" అన్నారు.

ఆ మాటకి నేనేం బదులు చెప్పానో గుర్తులేదు. చెప్పులు లేకుండా వాళ్ళింటికి పరిగెత్తాను, అంతవరకే గుర్తుంది. ఆ రోజంతా ఏడ్చాను, తరవాతా ఏడ్చాను. కానీ ఆవిడ గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపు మొహంతో రాయడం నా వల్ల కావడం లేదు. ఆవిడని తలుచుకుంటే ముందు ఉత్సాహం వస్తుంది, దుఃఖం దాని వెనకాల నింపాదిగా వస్తుంది. చదివేవాళ్ళు ఏమీ అనుకోకండి, ఇది ఒక గ్యాస్ పైపు కథ.

ఆంటీది కాకినాడ. ఉద్యోగం చేసినంత కాలం ఇక్కడ ట్రాయ్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంధనం పైపుల పని చూశారు. రిటైరయ్యాక అందరూ అడిగే ప్రశ్నే ఆవిడనీ అడిగారు, ఇంకేం, కాశీ యాత్రలేనా అని. ఆవిడ వెళ్ళి ఒక పాత క్యాంపర్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, మనిషి తిరగలేని స్నానాల గది. అంకుల్ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, దోమలంటే గిట్టదు, తన దిండు లేకపోతే నిద్ర పట్టదు. అయినా ఆవిడ వెనకాల కుర్చీ మడిచి పట్టుకుని బయల్దేరేవారు.

ఆవిడ ఫోన్ చేస్తే హలో ఉండదు, బాగున్నావా ఉండదు. "ఖాళీయేనా?" అంటారు. జవాబు కోసం ఆగరు. ఎక్కడికి రావాలో చెప్పి పెట్టేస్తారు. నేను మీటింగులో ఉన్నా సరే, ఆ గొంతు వినగానే కాళ్ళు వాటంతట అవే లేచేవి. మా ఆయన అయితే, "మీ మేనేజర్ పిలిస్తే ఇంత స్పీడుగా వెళ్ళవు" అని వేళాకోళం చేసేవాడు. నిజమే, మా మేనేజర్ దగ్గర అంత సరదా లేదు.

అంతా బాగానే ఉండేది గానీ ఆంటీకి ఉబ్బసం. క్యాంపర్ అగ్గిపెట్టెంత, అందులో ఆవిడ వండేవి ఎండుమిరపకాయల పోపులు, ఇంగువ చారు. ఒక వేసవిలో మిషిగన్ ఉత్తరాన ఏదో సరస్సు పక్కన ఉండగా పోపు పొగ కమ్మేసి ఆవిడకి దగ్గు ఆగలేదట. అంకుల్ భయపడిపోయి, ట్రిప్ మధ్యలోనే సామాను సర్ది ఇంటికి తెచ్చేశారు. మర్నాడు మా వంటగదిలో కూర్చుని, "అమ్మేస్తున్నానమ్మా దాన్ని" అని నాతో చెప్పారు. పక్కనే ఉన్న ఆంటీ ఆయన వైపు తిరగను కూడా లేదు.

"నువ్వు కావాలా, క్యాంపర్ కావాలా అంటే నాకు నువ్వే కావాలి" అన్నారు అంకుల్.

"నాకు రెండూ కావాలి" అన్నారు ఆంటీ.

"పోనీ సాండ్‌విచ్‌లు తీసుకెళ్ళొచ్చుగా ఆంటీ?" అన్నాను, మధ్యవర్తిలా.

"సాండ్‌విచ్ తినడానికి అంత దూరం డ్రైవ్ చేసుకెళ్ళాలా పిల్లా? అది ఇంట్లోనే తినొచ్చు."

చివరికి అంకుల్ ఒక మెట్టు దిగారు. ఇంకొక్క ట్రిప్ వెళ్దాం, క్యాంపర్ లోపల పొయ్యి వెలిగించకూడదు, నీకు దగ్గు రాకూడదు, వచ్చిందా, తిరిగొచ్చిన రోజే అమ్మకానికి పెడతాను అన్నారు. మాట అంటే మాటే అని ఆంటీ చెయ్యి చాపారు. క్యాంపర్ పోతే ఆవిడ ఇంట్లో టీవీ ముందు కూర్చునే మనిషి అయిపోతారేమో అనిపించింది. అలాంటి ఆంటీని నేను ఊహించుకోలేను.

ఆ శనివారమే "ఖాళీయేనా?" వచ్చింది. వెళ్ళేసరికి వాళ్ళింటి ముందు డ్రైవ్‌వేలో క్యాంపర్, దాని కిందనుంచి రెండు కాళ్ళు. అట్టపెట్టె పరుచుకుని ఆవిడ కింద పడుకుని ఉన్నారు. నన్నూ కిందికి దూరి రమ్మన్నారు. అక్కడ వెల్లకిలా పడుకుని నాకు పాఠం చెప్పారు. ముందు భాగంలో రెండు గ్యాస్ సిలిండర్లుంటాయి. వాటి మీదున్న రెగ్యులేటర్ గ్యాస్ జోరు తగ్గించి ఒక పైపులోకి వదులుతుంది. ఆ పైపు క్యాంపర్ అడుగునుంచి వెళ్ళి పొయ్యికీ హీటర్‌కీ ఫ్రిజ్‌కీ అందిస్తుంది. దానికి ఒక కొమ్మ వేసి, ఒక వాల్వ్ పెట్టి, బయటికి ఒక ఇత్తడి మూతి తీసుకొస్తే చాలు. దాన్నే క్విక్ కనెక్ట్ అంటారు. పైపు తెచ్చి నొక్కితే టిక్కుమని పట్టుకుంటుంది, ఊడదీస్తే గ్యాస్ తనంతట తనే ఆగిపోతుంది. ఇక వంటంతా ఆరుబయటే.

"చిన్న డబ్బా సిలిండర్లు దొరుకుతాయి కదా ఆంటీ?"

"సగం దోసెలో అయిపోతాయే అవి. ముందు రెండు పెద్ద సిలిండర్లు మోసుకు తిరుగుతూ, మళ్ళీ డబ్బాలు కొనడమేంటి, నెయ్యి ఇంట్లో పెట్టుకుని పక్కింటికి వెళ్ళినట్టు."

ఆ రోజు పని చేస్తుంటే నాకు పండగలా ఉంది. సిలిండర్లు మూసేశాం, లైన్‌లో మిగిలిన గ్యాస్ పోనిచ్చాం. ఆవిడ పైపు చివరి మరలకు గ్యాస్ కారకుండా పసుపురంగు టేపు చుట్టి జాయింటు బిగిస్తుంటే నేను రెండో రెంచీతో పాత పైపు కదలకుండా పట్టుకున్నాను. నా పని చాలా చిన్నదనిపించి, నేను తిప్పుతా ఇవ్వండి అన్నాను. "తిప్పడం ఎవరైనా తిప్పుతారు. రెండో రెంచీ పట్టుకునేవాళ్ళే దొరకరు" అన్నారు. ఆ తరవాత ఆఫీసులో ఎన్నోసార్లు ఈ మాట నాకు పనికొచ్చింది.

గ్యాస్ కారుతోందేమో చూడటానికి అందరూ సబ్బునీళ్ళు చల్లుతారు. ఆవిడ కుంకుడుకాయలు నానబెట్టి పులుసు తీసి, గిలక్కొట్టి నురుగు తెచ్చారు. గిన్నెలు తోమే సబ్బుల్లో ఏమేం కలుపుతారో తెలీదు, ఇత్తడికి పడదు అని ఆవిడ వాదన. మళ్ళీ సిలిండర్లు తెరిచి, ఆ నురుగు జాయింటు చుట్టూ పూసి ఇద్దరం కళ్ళార్పకుండా చూశాం. ఒక్క బుడగ ఉబ్బలేదు. నేను ఎగిరి గంతేశాను, తల క్యాంపర్‌కి తగిలింది. అయినా ఆవిడ దాన్ని తీసుకెళ్ళి రిపేరు షాపులో ఒకసారి టెస్ట్ చేయించారు. మీరు ఇంజనీరు కదా, ఎందుకు అంటే, "నా డిగ్రీ సంగతి గ్యాస్‌కి తెలీదు" అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలని, ముందు డ్రైవ్‌వేలోనే ఆవిడ కొత్తగా కొన్న, పైన పెనమున్న పొయ్యి తగిలించి వెలిగించాం. మంట దీపపువత్తిలా మినుకుమంది. దోసె పోస్తే కాలదు, తడిగుడ్డలా పడుకుంది. అంకుల్ కిటికీలోంచి చూసి తల పంకించారు. ఆంటీ ఆ పొయ్యిని అటూ ఇటూ తిప్పి, ఒక్కసారి నుదురు కొట్టుకుని పకపకా నవ్వారు. ఆ పొయ్యికి దాని సొంత రెగ్యులేటర్ ఉంది. క్యాంపర్‌లో ముందే ఒకటి ఉంది. "ఒక గుమ్మానికి ఇద్దరు వాచ్‌మెన్లని పెట్టానే! జీవితమంతా ఈ పైపులే చూశాను, హడావిడిలో ఇదే చూసుకోలేదు." ఆ పొయ్యి చేసినవాళ్ళే క్యాంపర్ లైన్‌కి సరిపోయే పైపు సెట్ అమ్ముతారట, తెప్పించి మార్చారు. ఈసారి దోసె చుయ్యిమంది. డ్రైవ్‌వేలో నిలబడే ఇద్దరం అరడజను తినేశాం.

ఇక అసలు పరీక్ష. ఆ ట్రిప్‌కి నేనూ మా ఆయనా కూడా టెంటు వేసుకుని పక్కనే దిగాం. సాయంత్రం, ఎదురుగా సరస్సు, పిండి రెడీ, తరిగిన ఉల్లిపాయలు రెడీ. ఆంటీ ఆ ఇత్తడి మూతికున్న రబ్బరు టోపీ తీసి పైపు పెట్టి నొక్కారు. టిక్కుమనలేదు. మళ్ళీ నొక్కారు. ఊహూ. పైపు పట్టుకోదు. వెనక కుర్చీలో అంకుల్ ఉన్నారు, అంటే క్యాంపర్ సగం అమ్ముడుపోయినట్టే.

"మొన్నటిదాకా వెన్నలా వెళ్ళిందే, ఏవైందీ దీనికి?" అన్నారు ఆంటీ. నేను ఫోన్ లైట్ వేశాను. మూతి లోపల చుట్టూ పచ్చగా ఏదో ఎండి గడ్డకట్టి ఉంది.

"తుప్పా ఆంటీ?"

"ఇత్తడి తుప్పు ఆకుపచ్చగా కదే ఉండేది, ఇది పసుపచ్చగా ఉందేంటి?" ఆవిడ పిన్నీసుతో కాస్త గీకి వాసన చూశారు. "పసుపు!"

అప్పుడు చూశాం, మూతి పైన చిన్న కుంకుమ బొట్టు కూడా ఉంది. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. అంకుల్ తేలు కుట్టిన దొంగలా సరస్సు వంక చూస్తున్నారు.

"ఏవండీ, దీనికి పసుపు రాసింది మీరేనా?"

"కొత్త పొయ్యి కదా" అన్నారు ఆయన. "పసుపు రాసి బొట్టు పెట్టకుండా వెలిగిస్తారా ఎవరైనా? నీకు ఎలాగూ గుర్తుండదు."

"లోపలిదాకా పూశారు కదండీ! అయినా అమ్మేస్తానన్నదానికి బొట్టెందుకు?"

అంకుల్ మడత కుర్చీ చేతిని గోకుతూ, "వెలిగించేది నువ్వు కదా" అన్నారు.

ఆంటీ ఆయన్ని అలా చూసి, "మీ టూత్‌బ్రష్ ఇవ్వండి" అన్నారు. ఆయన మారుమాట లేకుండా తెచ్చి ఇచ్చారు. గోరువెచ్చని నీళ్ళతో తోమి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ కుంకుడు నురుగు పూసి చూసుకుని, అప్పుడు పైపు నొక్కారు. టిక్. అబ్బ, ఆ చప్పుడు! మా ఆయన ఈల వేశాడు. ఆంటీ ఎండుమిరపకాయలతో ఘాటుగా పోపు పెట్టారు. ఆవిడకి దగ్గు రాలేదు. గాలి అటు వీచి, పక్కన క్యాంపు వేసుకున్న పెద్దాయన తుమ్ముకుంటూ వచ్చి, ఏమిటిది అని అడిగి, మూడు దోసెలు తిని వెళ్ళాడు. మొదటి దోసె మాత్రం అంకుల్‌కి. ఆయన తిని, "ఇంకోటి వెయ్యి" అన్నారు. అమ్మకం ఊసు మళ్ళీ రాలేదు.

ఆ తరవాత ఎన్ని సరస్సులో, ఎన్ని సాయంత్రాలో. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ పొయ్యి చుట్టూ ఒక చిన్న ఊరు తయారయ్యేది. ఎక్కడివాళ్ళో కుర్చీలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు. వంట అయ్యాక ఆవిడ వాల్వ్ మూసి, పక్కనున్న వాళ్ళెవరైనా సరే పిలిచి చూపించేవారు. "నేను మూశాను, నువ్వు చూడు" అనేవారు. నాకిప్పుడు మా ఇంట్లో పొయ్యి కట్టేసినా ఎవరినో ఒకర్ని పిలిచి చూపించే అలవాటు పట్టుకుంది. ఆవిడ నాకు నేర్పింది గ్యాస్ పని ఒక్కటే కాదు. కావాలనుకున్నవి రెండూ కావాలనొచ్చు, కాకపోతే కాస్త అట్టపెట్టె మీద పడుకోవాలి, అది నేర్పారు. ఆవిడకి నేను థాంక్స్ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా థాంక్స్ చెబితే, "ప్లేట్ కడుగు" అనేవారు.

కర్మలన్నీ అయ్యాక, నేపర్‌విల్ నుంచి వచ్చిన వాళ్ళబ్బాయి, "నాన్నా, మీరొక్కరే ఆ క్యాంపర్‌తో ఏం చేస్తారు? అమ్మకానికి లిస్ట్ చేసేద్దాం" అన్నాడు. తప్పేం లేదు, ఎవరైనా అదే అంటారు. అబ్బాయి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇక ఆ క్యాంపర్ ఎవరో తెలియని వాళ్ళ కారు వెనక మా వీధి మలుపు తిరుగుతుందని నేను మనసుకి చెప్పుకుంటూ ఉన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అంకుల్ మా తలుపు కొట్టారు. "అమ్మా, వీలైతే ఒకసారి వస్తావా? ఆ పైపు ఎలా తగిలించాలో చూపించు. ఇన్నేళ్ళూ తినడమే గానీ నేను ముట్టుకోలేదు" అన్నారు. నేను ఆయన మొహంలోకి చూశాను. "అమ్మట్లేదమ్మా. వాడికి ఫోన్ చేసి చెప్పేశా" అన్నారు. నేను చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి బయటికి వచ్చేశాను.

స్టోరేజీ యార్డులోంచి తెప్పించిన క్యాంపర్ వాళ్ళ డ్రైవ్‌వేలో ఉంది. చూపించాను, కానీ చెయ్యి వెయ్యలేదు. అన్నీ ఆయనే చేశారు. పెనం ఎత్తి పక్కన పెట్టారు, పైపు తగిలించారు, వాల్వ్ తిప్పారు, లైటర్ నొక్కారు. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ. ఆ వెలుగులో పొయ్యి మీద మంటన్నదే కనబడలేదు. వెలగలేదేమోనని నేను ముందుకి వంగబోయాను. ఆయన నన్ను ఆగమని సైగ చేసి, అరచెయ్యి పొయ్యికి పైన, ఎత్తుగా పట్టి ఉంచారు.

"ఉందమ్మా" అన్నారు.

అన్నాక కూడా, చెయ్యి చాలాసేపు వెనక్కి తీయలేదు.