ఎర్ర గడిలో మూడు మందులు

బిందుమాధవికి తప్పులు పట్టడం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరైనా శుభలేఖ చేతిలో పెడితే పెళ్లికొడుకు పేరు కన్నా ముందు అందులో ఎగిరిపోయిన దీర్ఘం కనబడేది. గుంటూరు అరండల్‌పేటలో ఆరేళ్లు డీటీపీ సెంటర్లో పనిచేసి, రెండువేల ఆరులో ఒక రైతు సలహాల వెబ్‌సైటులో చేరింది. వాళ్ల నాన్నది పెదనందిపాడు దగ్గర మిరప సేద్యం. ఆ ఆఫీసులో మిరప మొక్కకీ వంగ మొక్కకీ తేడా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు కాబట్టి సలహాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లేవి.

ఆఫీసుకి పెద్ద శశిభూషణ్. చైర్మన్ గారి తోడల్లుడి కొడుకు. ఆ అర్హత చాలదన్నట్టు మూడు నెలల వెబ్ డిజైన్ కోర్సు కూడా చేసి, సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. అగరొత్తి ఒక్కటే తక్కువ.

నిజానికి అక్కడ పని చాలా తేలిక. మామూలుగా టైపు చేసుకుంటూ పోయి, జాబితాలో ప్రతి వరుసకీ ముందు ఒక నక్షత్రం గుర్తు పెడితే చాలు. మీట నొక్కగానే ప్రోగ్రామ్ దాన్ని చక్కటి పేజీగా మార్చేది. అంత తేలిగ్గా అయిపోతే ఇక సర్టిఫికెట్ ఎందుకు? అందుకని శశిభూషణ్ ఆమె టైపు చేసిన దాని మధ్యలో తన హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, అంటే పేజీ ఎలా కనబడాలో చెప్పే గుర్తులు, దూర్చేవాడు. ఎర్ర గడులు, పసుపు గడులు, తెర మీద పరుగెత్తే అక్షరాలు. ఎవరైనా ట్యాగుతో గడి కట్టారంటే లోపలి సంగతి వాళ్లే చూసుకుంటారని ప్రోగ్రామ్ దాని జోలికి పోదు. నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగులుతాయి, వరుసలన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి.

ఈ మాట బిందుమాధవి రెండుసార్లు చెప్పింది.

"గడి పెట్టాలంటే లోపల జాబితాకి కూడా ట్యాగులు మీరే రాయాలి సార్. లేకపోతే గడి తీసెయ్యాలి. సగం అదీ సగం ఇదీ అయితే కలవదు."

"నువ్వు టైపు చెయ్యమ్మా చాలు. డిజైను నాకు వదిలెయ్."

డిజైనట! పెళ్లి ఊరేగింపుకి సీరియల్ బల్బులు కట్టేవాడు ఇంతకన్నా నయం, కనీసం వెలుగుతాయో లేదో చూసుకుంటాడు.

ఆ ఏడు కార్తీకమాసంలో మిరప మీద ఆకులు పైకి ముడుచుకుపోయే పైముడత తెగులు విరుచుకుపడింది. బిందుమాధవి మూడు మందులు, మూడు వరుసల్లో రాసింది. పైన 'వీటిలో ఏదో ఒక్కటే కొట్టండి' అని పెట్టింది. వరుసలు విడిగా ఉండాలని ఆమె పట్టుపట్టడానికి కారణం ఉంది. ఆ చుట్టుపక్కల పురుగుమందుల కొట్లలో చీటీ రాస్తే, ఒకే వరుసలో ఉన్నవన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాలని లెక్క. వరుస మారితే అది ఇంకో రోజుకి. రైతులు చీటీని అలాగే చదువుతారు.

సోమవారం పదకొండింటికి పేజీ బయటికి వచ్చింది. మూడు మందులూ ఎర్ర గడిలో ఒకే వరుసలో అతుక్కుపోయి ఉన్నాయి. 'ఏదో ఒక్కటే' అన్న మాట తెర మీద కుడి నుంచి ఎడమకి పరుగెడుతోంది. బిందుమాధవి చూసింది. రెండు నిమిషాల్లో సరిచెయ్యగలదు. కానీ మర్నాడు చైర్మన్ గారు వస్తున్నారు. 'ఉండనీ, ఆయన చేతే పడాలి ఇతనికి చీవాట్లు' అనుకుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, టిఫిన్ డబ్బా విప్పుకుని హాయిగా భోజనం చేసింది.

చైర్మన్ గారు వచ్చారు. "కలర్‌ఫుల్‌గా ఉందిరా" అని శశిభూషణ్ భుజం తట్టి వెళ్లారు. ఆయనకి మిరప అంటే ఊరగాయే తెలుసు. బిందుమాధవి పళ్లు నూరుకుంటూ ఆ సాయంత్రం పేజీ సరిచేసింది.

ఆదివారం పోయి మళ్లీ సోమవారం వచ్చేసరికి కాకుమాను వైపు నుంచి పిచ్చయ్య అనే రైతు బస్సు దిగి ఆఫీసుకొచ్చాడు. వాళ్లూళ్లో కంప్యూటర్ కొట్టు నడిపే సుభానీ పోయిన సోమవారం మధ్యాహ్నమే ప్రింటు తీసిచ్చిన కాగితం జేబులో ఉంది. కాగితం మీద అక్షరాలు పరుగెత్తవు కదా. 'వీటిలో ఏదో ఒక్కటే' అన్న మాట పక్కకి జారిపోయి, 'కొట్టండి' ఒక్కటే అచ్చయింది. కింద ఒకే వరుసలో మూడు మందులు. మూడూ కలిపి కొట్టేసరికి రెండెకరాల చేను ఆకు మాడి, పూత రాలిపోయింది.

తిట్టడానికి రాలేదు పిచ్చయ్య. కాగితం బల్ల మీద పెట్టి, "నీళ్లేమన్నా తక్కువ కలిపానంటారా అండీ?" అని అడిగాడు.

"సరిగ్గా చదువుకోవాలయ్యా. సైట్లో స్పష్టంగానే ఉంది" అంటూ శశిభూషణ్ తెర ఇటు తిప్పాడు. సరిచేసిన పేజీ, మూడు వరుసలు, పైన కదలకుండా నిలబడ్డ హెచ్చరిక. పిచ్చయ్య తెరనీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే తప్పు నాదేనేమోనండీ" అని లేచాడు.

బిందుమాధవి చేరిన నాటి నుంచీ శశిభూషణ్‌ని అసహ్యించుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ అసహ్యమంతా తన మీదికే తిరిగింది.

"మీ తప్పు కాదు బాబాయ్. మాదే. ఆ రోజే చూశాను. కావాలనే సరిచెయ్యలేదు."

శశిభూషణ్ మొహం జేవురించింది. పిచ్చయ్య అతని వంక చూడనే లేదు. ఆమెకేసి తిరిగి, కోపం లేకుండా, అర్థం కాక అడిగాడు.

"చూసి కూడా ఊరుకున్నావా, తల్లీ?"