ఉప్పు చాలని చేప

ఆ ఆసుపత్రి క్యాంటీన్‌లో గరిటెక్క అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతం రోజున సంతకానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. పొయ్యి మీది గుండిగ మూత ఎవరైనా అడగకుండా తీస్తే ఒంటికాలి మీద లేచేది. ఆ కోపాన్ని అందరూ ఎందుకు భరించేవారంటే, ఆవిడ చేతి ఉప్పు కోసం. గుప్పిట్లోంచి ఉప్పు విసిరి, గరిటె ఒక్క తిప్పు తిప్పి, అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకి రాసుకుని "దించెయ్" అనేది. రెండోసారి చూడటం ఆవిడ వంశంలోనే లేదు.

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ నోటి రుచిని, ముక్కు వాసనను వెంటబెట్టుకుపోయింది. వస్తాయి, ఓపిక పట్టమన్నాడు డాక్టరు. ఎప్పటికి వస్తాయో ఆయనకీ తెలియదు. గరిటెక్క ఈ సంగతి క్యాంటీన్‌లో చెప్పలేదు. చెబితే పొయ్యి దగ్గర నిలబడనివ్వరని భయం. చేతికి అలవాటైన పనే కదా, చెయ్యే చూసుకుంటుందిలే అనుకుంది. కొన్నాళ్ళు చెయ్యి చూసుకుంది కూడా. ఒకరోజు ఎవరో పలకరిస్తే మాటల్లో పడి, ఉప్పు వేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. అరచేతిలో చుక్క వేసుకుని చూసింది. వేడిగా ఉందని తప్ప ఇంకేమీ తెలియలేదు. మళ్ళీ వేసింది.

ఆ మధ్యాహ్నం ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నర్సులైతే "బాగుందక్కా" అన్నారు. కానీ భోజనాలు సగంలో ఉండగానే తాగే నీళ్ళ డ్రమ్ము అడుగంటింది. గరిటెక్క ఆ డ్రమ్ము వంకే చూస్తూ నిలబడిపోయింది. ఎవరైనా నాలుగు తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇన్నేళ్ళు కోపంతో అందరినీ అదిలించిన మనిషిని చూసి అందరూ జాలిపడుతున్నారు, ఆ జాలి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే పొయ్యి వదిలేసి, కూరగాయలు తరిగే బల్ల ముందు కూర్చుంది. పొయ్యి రెండో వంటవాడి పాలైంది. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. ప్రతి కూరనూ నాలుగుసార్లు రుచి చూస్తాడు, అయినా వారంలో సగం రోజులు చప్పగానో, ఉప్పగానో తేలుస్తాడు. గరిటెక్క తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరిగేది. కళ్ళు ఎర్రగా ఉంటే ఉల్లిపాయల మీదకి నెట్టెయ్యడానికి అది మంచి చోటు.

బస్టాపు ఎదురుగా రంగుచేపల దుకాణం ఒకటి ఉంది. ఒక సాయంత్రం బస్సు ఎంతకీ రాకపోతే కాలక్షేపానికి లోపలికి తొంగిచూసింది. మూల తొట్టిలో బొటనవేలంత చేప ఒకటి. ఆకుపచ్చ వీపు, దాని మీద నల్ల చుక్కలు, పెద్దపెద్ద కళ్ళు, అలిగిన పిల్లలా బుంగమూతి. తెల్లగా ఉండాల్సిన పొట్ట మాత్రం బూడిద రంగులో ఉంది. అడుగున కూలబడి ఉంది.

"దీనికేమైందయ్యా?" అంది.

"ఉప్పు చాల్లేదమ్మా," అన్నాడు దుకాణదారు. "నది పోయి సముద్రంలో కలుస్తుంది చూడండి, అక్కడి చేప ఇది. అటు సముద్రమంత ఉప్పూ కాదు, ఇటు మంచినీళ్ళూ కాదు. నాకు పంపినవాడు మంచినీళ్ళ చేప అని చెప్పి అంటగట్టాడు. దీనికోసం వేరే తొట్టి పెట్టే చోటు నాకెక్కడిది?"

ఉప్పు చాల్లేదు అన్న మాట గరిటెక్కకి సూటిగా తగిలింది. ఊరందరికీ తను ఉప్పు ఎక్కువ చేస్తే, ఉప్పు చాలక నీరసించిన ప్రాణి ఒకటి ఇక్కడ కూర్చుని ఉంది!

"మరెంత వెయ్యాలి?" అంది, పొయ్యి దగ్గర గదమాయించినట్టే.

"నాలుకతో చూసే ఉప్పు కాదమ్మా ఇది," అని నవ్వి, నీళ్ళలో తేలే సన్నటి గాజు గొట్టం తీసి చూపించాడు. దాని మెడ మీద గీతలున్నాయి. నీళ్ళలో ఉప్పు పెరిగేకొద్దీ గొట్టం పైకి తేలుతుంది, ఏ గీత దగ్గర ఆగితే అంత ఉప్పు. గరిటెక్క ఆ గొట్టాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. నాలుక అక్కర్లేని ఉప్పు! ఎదురుగా బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఆవిడ చూడలేదు.

ఆసుపత్రి వరండాలో విరిగిన గొడుగులు పడేసే పాత గాజు తొట్టి ఒకటి ఉండేది. అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఆవిడ భర్త దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, గుడ్డల బీరువా పోగా మిగిలిన చోటంతా తొట్టి ఆక్రమించేసరికి ఆయన కత్తెర పక్కన పెట్టి మరీ లేచాడు.

"ఏమేవ్, వంటింట్లో పెట్టుకోవచ్చుగా నీ సముద్రం?"

"వంటింట్లో పొగ. చేపకి పడదు."

"నాకు పడుతుందా?"

"మీరు అలవాటు పడ్డారు," అంది. ఆయన మళ్ళీ కత్తెర తీసుకున్నాడు.

అంచులకి కొత్తగా జిగురు పట్టించి, ఆరనిచ్చి, నీళ్ళు నింపి కారడం లేదని తేల్చుకుంది. అడుగున గవ్వలు నలగ్గొట్టినట్టుండే ఇసుక కడిగి పరిచింది. ఓ ఎండు వేరు మొద్దును నానబెట్టి నిలబెట్టింది. వంటింటి ఉప్పు తీసుకోబోతే దుకాణదారు లబోదిబోమన్నాడు. సముద్రపు నీళ్ళలో ఉండేవన్నీ కలిపిన ఉప్పు వేరే ఉంటుందట. దాన్ని తొట్టిలో తిన్నగా పొయ్యకూడదట, ముందు రోజే బకెట్‌లో కలిపి గాలి బుడగలు పట్టించాలట. ఉప్పు ఉప్పే కదా అని గొణిగింది కానీ, చెప్పినట్టే చేసింది. తొట్టిలో నీళ్ళు చేపకి పనికొచ్చేలా కుదురుకోవడానికి దుకాణదారు తన పాత ఫిల్టరులోని స్పాంజి ముక్కా, నాలుగు నల్ల చేపలూ అరువిచ్చాడు. అవి ఏ నీళ్ళకైనా సర్దుకుపోయే రకం. వాటి మలినాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగి నీళ్ళు నిలదొక్కుకున్నాక, వాటిని తిరిగిచ్చేసి, ఆ బుంగమూతి చేపని తెచ్చుకుంది. తోటివాళ్ళ తోకలు కొరికే గుణం దానిది. గరిటెక్క లాంటిదే, దాని చోట్లోకి ఇంకొకరు రాకూడదు.

ఉప్పు ఒక్కసారిగా పెంచలేదు. వారం వారం కొంచెం నీళ్ళు తీసి, కొంచెం ఉప్పు నీళ్ళు పోసి, గొట్టాన్ని ఒక్కో గీత ఎక్కించింది. గుప్పిట్లోంచి విసిరే చెయ్యి అంత నెమ్మదిగా కదలడం నేర్చుకోవడానికి ఆవిడ ఎంత తన్నుకులాడిందో చూసినవాడు దర్జీ ఒక్కడే. బుంగమూతి పొట్ట బూడిద రంగు వదిలి తెల్లబడింది. ఆ తర్వాత పూర్తిగా, మల్లెపువ్వులా తెల్లగా అయింది. దుకాణం నుంచి తెచ్చి వేసిన చిన్న నత్తల్ని గుల్లతో సహా కటుక్కున కొరికి తినడం మొదలుపెట్టింది. గరిటెక్క తొట్టి ముందు పీట వేసుకుని, చూడండి చూడండి అని భర్తని పిలిచేది. చేతిలో పనున్నా ఆయన వచ్చి చూసేవాడు. పెళ్ళాం మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది మరి.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం గొట్టం వదిలితే ఉండాల్సిన గీత దాటి పైకి తేలింది. గరిటెక్క మళ్ళీ వదిలి చూసింది, అంతే. నా చెయ్యే తప్పిందా? ఇక్కడ కూడానా? చేప మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతోంది. ఆవిడ నీరసంగా పీట మీద కూలబడి, తొట్టి అంచు దాకా నిండుగా ఉన్న నీళ్ళ వంక చూసింది. ఇంత ఎండకి నీళ్ళు తగ్గాలి కదా, తగ్గలేదేం?

"ఏవండీ, దీన్లో నీళ్ళు పోశారా?"

"రోజూ పోస్తూనే ఉన్నా," అన్నాడు దర్జీ, మెచ్చుకోలు కోసం చూస్తూ. "నువ్వు డ్యూటీలో ఉంటావు, పాపం దాని నీళ్ళేమో తగ్గిపోతున్నాయి. మామూలు నీళ్ళు కాదులే, నువ్వు బకెట్‌లో కలిపి పెట్టుకున్న ఉప్పు నీళ్ళే పోశా."

గరిటెక్క పకపకా నవ్వింది. "ఆవిరయ్యేది నీళ్ళండీ, ఉప్పు కాదు! పొయ్యి మీద మరిచిపోయిన కూర ఎందుకు ఉప్పగా అవుతుంది? దానికి మామూలు నీళ్ళు పొయ్యాలి గానీ, ఉప్పు నీళ్ళు పోస్తారా ఎవరైనా?"

అంటూనే ఆగిపోయింది. ఈ మాట ఎవరు చెప్పారు తనకి? దుకాణదారు చెప్పలేదు. నాలుక చెప్పలేదు. పొయ్యి దగ్గర గడిపిన జీవితం చెప్పింది. రుచి పోయింది గానీ తెలిసినదేదీ పోలేదు. లేచి, గిన్నెడు ఉప్పు నీళ్ళు తోడి గిన్నెడు మంచినీళ్ళు పోసింది. తొందరపడకుండా రోజూ అలాగే చేసి గొట్టాన్ని దాని గీతకి దించింది.

బుంగమూతి కబురు క్యాంటీన్ దాకా పాకింది. చూద్దామని రెండో వంటవాడు ఇంటికొచ్చాడు. చేప ఆయన వంక, ఆయన చేప వంక చాలాసేపు చూసుకున్నారు. గరిటెక్క గొట్టం, గీతలు, బకెట్ అన్నీ చూపించింది. చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతులో పాత దర్పం తిరిగొచ్చింది.

"అక్కా, మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చెయ్," అన్నాడాయన ఉన్నట్టుండి.

"నాకు రుచి తెలీదురా," అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"తెలుసక్కా, అందరికీ తెలుసు. ఈ చేపకి ఉప్పు నాలుక పెట్టి చూశావా?"

గరిటెక్క గాజు గొట్టం వంక చూసింది. దర్జీ మిషను తొక్కడం ఆపేశాడు.

మర్నాటి నుంచి ఆవిడ పని వేరు. రెండో వంటవాడికి కూర బాగా కుదిరిన రోజున, ఉప్పు డబ్బా ఎంత బరువు తగ్గిందో తక్కెడలో తూచి చూసింది. ఎన్ని బాల్చీల కూరకి అంత ఉప్పో లెక్క కట్టింది. కుదరని రోజులూ తూచింది. తేడా ఎక్కడుందో పట్టేదాకా వదల్లేదు. ఆ తర్వాత ఒక పొద్దున తలకి కొంగు చుట్టుకుని పొయ్యి ముందుకొచ్చింది. గుండిగలో కూర కొలిచింది. ఉప్పు తూచింది. ఒక్కసారే వేసింది. గరిటె ఒక్క తిప్పు తిప్పింది.

రెండో వంటవాడు రుచి చూడబోయాడు. ఆవిడ గరిటె అడ్డం పెట్టింది.

"అక్కర్లేదు. దించెయ్."

"ఒక్క చుక్క, అక్కా..."

"దించమన్నానా!"

గుండిగ దిగింది. వడ్డించే బల్ల దగ్గర ఎప్పుడూ ఇంకెవరో నిలబడేవారు, ఆ రోజు తనే నిలబడింది. వరసలో నర్సులు, ఆయాలు, రోగుల బంధువులు, వాళ్ళ వెనక డాక్టర్లు. ఆవిడ చేతిలో గరిటె చూసి వరసలోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గరిటెక్క తల ఎత్తి, హాలంతా వినిపించేలా చెప్పింది.

"ఇవాళ ఉప్పు నేనే వేశాను. తేడా వస్తే నా మొహం మీదే చెప్పండి."

మొదటి పళ్ళెం ముందుకొచ్చింది. ఆవిడ గరిటె నిండుగా వడ్డించింది.